విజయవాడ డైనోసార్ ఎగ్జిబిషన్: పిల్లల్ని తీసుకెళ్ళండి, ఆఖరి హాల్లో మాత్రం పక్కనుండి చెప్పండి

సెలవులకని విజయవాడలో డైనోసార్ ఎగ్జిబిషన్ పెట్టారంటే మొన్న ఆదివారం గుంటూరు నుంచి ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చాం. టికెట్ పెద్దవాళ్ళకి 150, పిల్లలకి 100. ఆ డబ్బుకి బొమ్మలు బాగున్నాయండి, కదులుతాయి, అరుస్తాయి, తోకలు ఊపుతాయి, పదేళ్ళ లోపు పిల్లలైతే బయటికి రారు. ఏసీ సరిగ్గా లేదు, పార్కింగ్‌కి చాలా తిప్పారు. టీ రెక్స్, స్టెగోసారస్ కొట్టుకుంటున్నట్టు పెట్టిన సీన్ మాత్రం తప్పు, స్టెగోసారస్‌లు అంతరించిన 7 కోట్ల ఏళ్ళకి పైగా గడిచాక గానీ టీ రెక్స్ రానేలేదు. ఇంత ఖర్చు పెట్టి చేసినోళ్ళు ఆ మాత్రం చూసుకోవాల్సింది.

అసలు ఈ రివ్యూ రాస్తోంది ఆఖరి హాల్ గురించి. పురాణాలు, సైన్సు ఒకటే అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు, అలా వరసగా బొమ్మలేసి కింద డార్విన్ బొమ్మ, ఈ జీవపరిణామమంతా మనవాళ్ళు ముందే చెప్పేశారు అని. పక్కనే ఇంకో బోర్డులో రాక్షసులు డైనోసార్ల మీద ఎక్కి యుద్ధం చేస్తున్నారు! నేను రోజూ సంధ్యావందనం చేసుకునేవాణ్ణి, స్కూల్లో సైన్సు కూడా చెప్తాను, నాకు ఈ రెండూ కావాలి, అందుకే ఆ బోర్డులు చూసి చాలా బాధేసింది.

దశావతారాల పోలిక కొత్తదేం కాదు, హాల్డేన్ లాంటి పెద్ద జీవశాస్త్రవేత్త కూడా ప్రస్తావించిందే. వినడానికి బాగుంటుంది కూడా. కానీ కథ మొత్తం చదివినవాళ్ళకి తెలుస్తుంది కదా, మత్స్యావతారంలో చేప వచ్చేది ఎవరి చేతిలోకి? మనువు చేతిలోకి. అంటే చేప కంటే ముందే మనిషి ఉన్నాడు, పడవ ఉంది, సప్తర్షులు ఉన్నారు. ఇక వామనుడి నుంచి రాముడి దాకా శరీరంలో వచ్చిన మార్పేంటి? పరిణామం అనేది చేప మనిషయ్యేదాకా ఎక్కే మెట్లు కాదు, కొమ్మలు కొమ్మలుగా చీలిపోయింది, చేపలూ ఇంకా ఉన్నాయి, డైనోసార్లలో ఒక కొమ్మ ఇవాళ పక్షులుగా మన పెరట్లో తిరుగుతోంది. ఇదంతా దశావతారాల్లో లేదు, ఉండక్కర్లేదు కూడా, అది ధర్మం గురించి చెప్పిన కథ. దాన్ని బయాలజీ పాఠం చేస్తే రేపు పిల్లాడు బయాలజీ సరిగ్గా చదువుకున్న రోజున పురాణం తప్పనుకుంటాడు. నా భయం అదే.

బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు 454 కోట్లు, చూశారా అని ఇంకో బోర్డు. నాకు ఆ లెక్క అంటే ఎంతో ఇష్టం. శ్వేతవరాహకల్పే వైవస్వత మన్వంతరే అని రోజూ సంకల్పంలో చెప్పుకుంటాం, కోట్ల ఏళ్ళనే మాట వింటే మనకి కంగారు పుట్టకపోవడానికి అదో కారణం అనిపిస్తుంది. ఐరోపాలో 17వ శతాబ్దంలో అషర్ అనే బిషప్ సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కేశాడు, అందుకని అక్కడ రాళ్ళ వయసు పెద్ద గొడవైంది. ఆ గొడవ మనం తెచ్చుకోవడం దేనికి? కానీ 432 వచ్చింది యుగాల లెక్కల నుంచి, 454 కోట్లు వచ్చింది ఉల్కల్లో యురేనియం క్షీణించి సీసంగా ఎంత మారిందో కొలిస్తే, 1956లో పాటర్సన్ అనే శాస్త్రవేత్త అలా కొలిచే 455 కోట్లకి దగ్గరగా తేల్చాడు. రెండు అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి సాక్ష్యం అవ్వదు. అదే యుగాల లెక్క ప్రకారం త్రేతాయుగం అయిపోయి 8 లక్షల 69 వేల ఏళ్ళు, మనలాంటి మనుషుల ఎముకలు దొరికినవాటిలో పాతవే దాదాపు 3 లక్షల ఏళ్ళవి. కలిసిన అంకె బోర్డు మీద పెట్టి కలవనిది దాచేస్తే ఎలాగండి?

ఆ హాల్లో నాకు బాగా నచ్చింది ఎవరూ పెద్దగా చూడని గాజుపెట్టె. అందులో కోసిన అమ్మోనైట్ శిలాజం, లోపల చక్రంలా చుట్టలు. నాన్నగారు చూడగానే "ఇది మన సాలగ్రామంలో చక్రమే కదమ్మా" అని అక్కడున్న గైడ్ అమ్మాయిని అడిగారు. అవునండి, గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు ఇవే, హిమాలయాలు లేవక ముందు అక్కడ సముద్రం ఉండేది, ఆ సముద్రంలో బతికిన జీవి గవ్వ ఇది, డైనోసార్లతో పాటే 6.6 కోట్ల ఏళ్ళ క్రితం వీటి జాతి మొత్తం పోయింది అని చక్కగా చెప్పింది. "అయితే ఇది దేవుడు కాదంటావా" అన్నారు నాన్నగారు. "అది నేను చెప్పేది కాదండి తాతగారూ, ఎంత పాతదో మాత్రం చెప్పగలను" అంది. ఎంత మర్యాదగా, ఎంత సరిగ్గా చెప్పిందో! ఆ బోర్డులన్నీ తీసేసి ఆ అమ్మాయికి మైకిస్తే చాలు. నాన్నగారు పొద్దున సాలగ్రామానికి అభిషేకం చేస్తూ మావాణ్ణి పిలిచి ఆ చుట్టలు చూపించి సముద్రం సంగతి మళ్ళీ చెప్పించుకున్నారు, పూజేమీ ఆగలేదు.

ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది, ఈ సృష్టి ఎలా పుట్టిందో ఎవరికి తెలుసు, పైనున్నవాడికైనా తెలుసో లేదో అని అడుగుతుంది. అలా అడగగలిగిన ఋషులకి మనం డైనోసార్ల సర్టిఫికెట్ ఇవ్వాలా?

నిర్వాహకులకి ఒక మాట. రాక్షసుల బోర్డు తీసేసి ఆ చోట కోటాసారస్ అనే డైనోసార్ గురించి పెట్టండి. మన గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికింది, దాదాపు 9 మీటర్ల పొడవు, 1988లో పేరు పెట్టారు, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. అన్ని బొమ్మల మధ్య మన నేలలో దొరికినదాని పేరే లేదు. బొమ్మలకి 4 స్టార్లు, ఆ గైడ్ అమ్మాయికి 5, ఆఖరి హాల్ బోర్డులకి 1. వెళ్ళేవాళ్ళు సాయంత్రం 6 తర్వాత వెళ్ళండి, ఎండ తగ్గుతుంది, ఆ అమ్మాయి ఉంటే గాజుపెట్టె దగ్గర కాసేపు ఆగండి.