పార్కుల ట్రిప్పుకు టెంపో ట్రావెలర్ మాట్లాడుతున్నారా? అడ్వాన్సు కొట్టే ముందు ఇది చదవండి

పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్, నల్లగొండ వైపు నుంచి పిల్లలతో బెంగళూరు, మైసూరు పార్కులకు బండి మాట్లాడుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొన్న రెండో శనివారం కలిసొచ్చిందని మా ఇంట్లో పదకొండు మందిమి వెళ్లొచ్చాం. డబ్బు పోయింది, సరే. కానీ ఆ రాత్రి గుత్తి దాటాక జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ ట్రావెల్స్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే ప్యాకేజీని రేపు ఇంకొకరు ఇంకో పేరుతో మీకు అమ్మవచ్చు. అందుకే ఎలా మోసపోయామో వివరంగా చెబుతాను.

మాకు చెప్పిన ప్లాన్ ఇది. శుక్రవారం పొద్దున ఏడింటికి మహబూబ్‌నగర్‌లో ఎక్కడం, రావిర్యాల వండర్‌లా చూసుకుని రాత్రికి రాత్రే బెంగళూరు. శనివారం బిడది దగ్గరున్న ఇంకో వండర్‌లా, రాత్రికి మైసూరులో లాడ్జి. ఆదివారం పొద్దున జీఆర్‌ఎస్ ఫాంటసీ పార్కు, సాయంత్రం ప్యాలెస్ దీపాలు, మళ్లీ రాత్రి ప్రయాణం, సోమవారం పొద్దున ఇంట్లో. మూడు రోజుల్లో మూడు పార్కులు. ట్రావెల్స్ ఓనర్ వాట్సాప్‌లో రంగుల బొమ్మలతో కాగితం పంపాడు. పిల్లలు దాన్ని ప్రింట్ తీయించి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. నేను కూడా దాన్ని వాళ్లలాగే చూశాను, మ్యాప్ తెరిచి చూడలేదు.

మ్యాప్ తెరిచి ఉంటే మొదటి తప్పు అక్కడే తెలిసేది. రావిర్యాల మాకు ఉత్తరాన, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. బెంగళూరు మాకు దక్షిణాన. అంటే పొద్దున పైకి వెళ్లి, రోజంతా ఎండలో, నీళ్లలో తిరిగి, రాత్రి మళ్లీ మా ఊరి దగ్గరి నుంచే కిందికి రావాలి. రాత్రి తొమ్మిదిన్నరకు బండి జడ్చర్ల చేరింది. మహబూబ్‌నగర్ అని రాసిన పచ్చ బోర్డు చూసి మా చిన్నోడు "నాన్నా, మన ఊరొచ్చింది, దిగుదామా?" అన్నాడు. దిగాల్సింది. అక్కడి నుంచి బెంగళూరుకు ఇంకా 500 కిలోమీటర్ల దాకా ఉంది, బండికి ఒక్కడే డ్రైవర్.

ఆ పిల్లాడికి పాతికేళ్లు కూడా ఉండవు. మంచివాడు, మాట మెత్తన. అతని మీద నాకేం కోపం లేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా జాలే. కర్నూలు దాటేదాకా బాగానే నడిపాడు. డోన్ తర్వాత నేను లేచి ముందు సీట్లో కూర్చున్నాను. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు, నిద్ర ఆపుకోవడానికని తర్వాత అర్థమైంది. తాళం ఆగినప్పుడల్లా బండి మెల్లగా ఎడమ పక్కకు జరిగేది. టైర్లు తెల్ల గీత మీద పడగానే చప్పుడు మారేది, ఉలిక్కిపడి సర్దుకునేవాడు. గుత్తి దాటాక రెండున్నర ప్రాంతంలో అట్లా జరిగినప్పుడు ఎదురుగా రోడ్డు పక్కన ఆపిన లారీ. లైట్లు లేవు. వెనక అంటించిన ఎర్ర రేడియం స్టిక్కర్ ఒక్కటే మెరిసింది. నేను అరిచాను. బండి తప్పించాడు గానీ మా ఆవిడ ఒళ్లో పడుకున్న పాప జారి కింద పడింది.

వెనక నుంచి మా అమ్మ లేచి "పానం కంటే పార్కు ఎక్కువనారా? బండి ఆపు" అంది. అనంతపురం చేరకముందే ఒక పెట్రోల్ బంకులో ఆపించాం. మొహం కడుక్కుని వచ్చిన ఆ పిల్లాణ్ని అడిగితే అప్పుడు చెప్పాడు: "పొద్దుగాల తిరుపతి ట్రిప్పు దిగిన్నన్నా. ఇంటికి పోలే, సీదా మీ దగ్గరికే వచ్చిన." అంటే మేం ఎక్కేసరికే అతనికి ఒక రాత్రి నిద్ర లేదు. మేం పార్కులో ఉన్నప్పుడైనా పడుకోవాల్సింది కదా అన్నాను. బండి కడిగించి, స్టెపినీ పంక్చర్ వేయించమని ఓనర్ పంపించాడట. సీటు వెనక్కి వాల్చి పడుకోమన్నాం. ఆరింటిదాకా లేపలేదు. పిల్లలు బండిలో, మగవాళ్లం బంకు గట్టు మీద.

1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టంలోనే డ్రైవర్ పని రోజుకు 8 గంటలు దాటకూడదని, దూర ప్రయాణమైనా 10 గంటలకు మించకూడదని, ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాశారు. మాకు అమ్మిన ప్లాన్‌లో మొదటి రోజే ఇది కుదరదు. దయచేసి మీరు ఏసీ ఉందా, పుష్‌బ్యాక్ సీట్లా అని అడిగే ముందు "రెండో డ్రైవర్ ఉన్నాడా? ఇప్పుడొచ్చే డ్రైవర్ నిన్న ఏ ట్రిప్పులో ఉన్నాడు?" అని అడగండి. బండి ఎక్కాక ఇంకోసారి డ్రైవర్‌నే అడగండి. ఓనర్ దాచినా డ్రైవర్ చెబుతాడు. రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఐదు వరకు బండి నడవకూడదని ముందే మాట తీసుకోండి. కర్నూలులోనో అనంతపురంలోనో లాడ్జికి రెండు మూడు వేలు అవుతాయి, కానీయండి.

పొద్దున కర్ణాటకలోకి అడుగుపెట్టాక బాగేపల్లి దగ్గర తనిఖీ వాళ్లు ఆపారు. పసుపు ప్లేటు ఉంది, మాకు అదే చాలనుకున్నాం. డ్యాష్‌బోర్డులోంచి మడతలు పడ్డ జిరాక్సులు తీశాడు. పర్మిట్ గడువు అయిపోయి ఉంది. పైగా వాట్సాప్‌లో మాకు చూపించిన బండి వేరు, వచ్చిన బండి వేరు. మేం రోడ్డు పక్కన నిలబడి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో మొత్తం వచ్చేసింది. రెండు నిమిషాల పని. అదే పని మా వాకిట్లో బండి ఆగినప్పుడు చేసి ఉంటే ఎక్కేవాళ్లమే కాదు. ఓనర్‌కు ఫోన్ చేస్తే మొదటిసారి "మీరు కట్టేయండి, బిల్లులో తగ్గిస్తా" అన్నాడు, తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. మా చేతి నుంచి 9,000 కట్టి, రెండు గంటలు ఎండలో నిలబడి కదిలాం. పక్క రాష్ట్రానికి వెళ్లే బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా, లేకపోతే ఆ ట్రిప్పుకు తాత్కాలిక పర్మిట్ తీస్తారా, ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలి అనేది వాట్సాప్‌లో రాయించుకోండి. తెల్ల ప్లేటు బండి తక్కువకు వస్తుందని ఎవరైనా చెబితే అసలు ఒప్పుకోకండి. సొంత బండిని కిరాయికి తిప్పడమే తప్పు. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కులొస్తాయి.

దేవనహళ్లి, హెబ్బాళ ట్రాఫిక్ దాటి, ఊరంతా అడ్డంగా కోసుకుని బిడది చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పార్కు 11 గంటలకే తెరిచారు. టికెట్ ఆ తేదీదే, రేపు వస్తామంటే కుదరదు. ఉన్న నాలుగు గంటల్లో సగం క్యూల్లోనే పోయింది.

టికెట్ల మోసం కూడా అక్కడే బయటపడింది. ప్యాకేజీలో పదకొండు మందికీ ఫుల్ టికెట్ డబ్బులు తీసుకున్నాడు. గేటు దగ్గరికొచ్చాక గానీ పీడీఎఫ్ పంపలేదు. తెరిచి చూస్తే అందులో పిల్లల టికెట్లు రెండు ఉన్నాయి, పాపకు టికెట్టే లేదు. వండర్‌లాలో టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, 140 లోపు వాళ్లకు పిల్లల టికెట్. అంటే అతనికి ఈ సంగతి బాగా తెలుసు, తక్కువకు కొని మా దగ్గర ఎక్కువకు తీసుకున్నాడు. పార్కు టికెట్లు పార్కు సొంత వెబ్‌సైట్‌లో మీరే కొనుక్కోండి. రోజును బట్టి రేటు మారుతుంది, అది కూడా అక్కడే కనబడుతుంది. బయలుదేరే ముందు ఇంట్లో గోడ దగ్గర పిల్లల్ని నిలబెట్టి టేపుతో కొలవండి. పెద్ద రైడ్లకు ఎత్తు చాలదంటే గేటు దగ్గర ఏడవడం కంటే ఇంట్లోనే నచ్చజెప్పడం నయం. చీరలు, కాటన్ బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు, నైలాన్ బట్టలు ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

మైసూరులో మా అమ్మ ఆశ ఒక్కటే. ఆదివారం రాత్రి ఏడింటికి ప్యాలెస్‌కు దీపాలు వేస్తారు, దాదాపు లక్ష బల్బులు, ముప్పావు గంట సేపు. పార్కుల్లో ఆమెకు చూసేదేం లేదు, ఆ దీపాల కోసమే మాతో వచ్చింది. నాలుగింటికే ఓనర్ ఫోన్ చేసి, సోమవారం హైదరాబాద్‌లో పెళ్లి ట్రిప్పు ఉంది, వెంటనే బయలుదేరకపోతే వెయిటింగ్ ఛార్జీ పడుతుందన్నాడు. పిల్లలతో పరాయి ఊళ్లో గొడవెందుకని బండెక్కాం. అమ్మ ఏమీ అనలేదు. కిటికీలోంచి ప్యాలెస్ గోపురాలు కనబడినంతసేపూ అటే చూస్తూ కూర్చుంది. దారి పొడవునా మా అన్న, బావ, నేను వంతులేసుకుని డ్రైవర్ పక్కన మేలుకునే ఉన్నాం. రెండు చోట్ల గంటేసి చొప్పున ఆపి పడుకోబెట్టాం.

ఇక బిల్లు. కిలోమీటరుకు 26 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే, ఇవన్నీ నోటిమాటే. మ్యాప్‌లో మొత్తం కొలిస్తే మా ప్రయాణం 1,460 కిలోమీటర్లు. బిల్లులో 1,790. ఆ 330 కిలోమీటర్లకే 8,580 రూపాయలు. అడిగితే "గ్యారేజ్ టు గ్యారేజ్ అండీ" అన్నాడు. పాలమూరులో బోర్డు పెట్టుకున్నాడు గానీ బండి ఉండేది హైదరాబాద్‌లో. అక్కడి నుంచి మా ఇంటికి రావడం, తిరిగి పోవడం కూడా మా లెక్కలోనే. అది 200 అనుకున్నా మిగతా 130 ఎక్కడివో చెప్పలేదు. ఎక్కినప్పుడు మీటర్ ఫోటో తీసుకోలేదు, అది నా తప్పే. మీరు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీటర్ ఫోటో తీయండి. రోజంటే 24 గంటలా, లేక అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికా అని కూడా అడగండి. వాళ్ల లెక్కలో సోమవారం పొద్దున ఆరింటికి దిగినా సోమవారం బత్తా మొత్తం పడుతుంది. టోల్ మీద 2,000 ఎక్కువే వేశాడు. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, ఏ గేటులో ఎంత కట్ అయిందో ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో టైముతో సహా ఉంటుంది. చూపించమన్నాను, ఇప్పటికీ చూపించలేదు. బాగేపల్లిలో మేం కట్టిన 9,000 బిల్లులో తగ్గించనే లేదు.

అడ్వాన్సు 20,000 ఫోన్‌పేలో అతని సొంత నంబరుకు పంపాను, రసీదు లేదు. కానీ వాట్సాప్ చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, బాగేపల్లి రసీదు ఉన్నాయి. వాటితో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు పెట్టాను. దానితో తేలకపోతే మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. మీలో ఎవరికైనా ఇట్లా జరిగి ఉంటే చాట్‌లు డిలీట్ చేయకండి. హైవే మీద రాత్రిపూట బండి ఆగిపోయినా, ప్రమాదమైనా 1033కు చేయండి. ఆ నంబరు ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు.

ప్లాన్ ఎట్లా వేసుకోవాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. రావిర్యాలను బెంగళూరు ట్రిప్పులో కలపకండి. అది మాకు పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే దూరం. నల్లగొండ వాళ్లకు రామోజీ ఫిల్మ్ సిటీ కూడా అంతే. విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్, పంతంగి టోల్ దాటితే ఎంతో దూరం ఉండదు. దానికోసం ఎవరి ప్యాకేజీలూ అక్కర్లేదు. బెంగళూరు, మైసూరులకైతే కాచిగూడ నుంచి మైసూరు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున బెంగళూరు, ఇంకో మూడు గంటలకు మైసూరు. లోకల్‌గా తిరగడానికి అక్కడే బండి మాట్లాడుకోవచ్చు. పిల్లలు కాళ్లు చాపుకుని పడుకుంటారు, డ్రైవర్ నిద్రపోతున్నాడా అని ఎవరూ కాపలా కాయాల్సిన పని లేదు.

అమ్మకు, నాకు రెండు బెర్తులు బుక్ చేశాను. శనివారం రాత్రి ఎక్కుతాం. ఈసారి పార్కుల్లేవు, ఆదివారం ఏడింటికి ప్యాలెస్ ముందు ఉంటే చాలు.