జైసల్మేర్ పట్వా హవేలీలు: ఒక ఉదయమంతా చూడవలసిన రాతి ఇళ్లు

రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లేవారు కోటకూ ఇసుక తిన్నెలకూ సమయమంతా కేటాయించి, పట్వా హవేలీలను గంటలో ముగిస్తారు. ఉదయమంతా వీటికే ఇవ్వాలని నా అభిప్రాయం. జరీ వ్యాపారంలో సంపన్నుడైన గుమాన్‌చంద్ పట్వా తన అయిదుగురు కొడుకుల కోసం 1805లో మొదలుపెట్టించిన ఈ అయిదు ఇళ్లు పూర్తి కావడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది.

ముందు వీధిలోనే నిలబడి గోడను చూడండి. పసుపు ఇసుకరాయిలో అంతస్తు మీద అంతస్తుగా పొడుచుకు వచ్చిన ఝరోఖాలు, అంటే గోడ నుంచి ముందుకు కట్టిన కిటికీ అరుగులు, కేవలం అలంకారం కావు. అవి కింది గోడ మీద నీడ పరుస్తాయి, లోతైన చెక్కడం వల్ల రాతి మీద ఎండ తగిలే భాగం తగ్గుతుంది, రాతిలో సన్నని రంధ్రాలుగా చెక్కిన జాలీలు కాంతిని వడగట్టి గాలిని లోపలికి పంపుతూ పరదా పాటించే స్త్రీలకు వీధిని చూసే వీలు కల్పించేవి. ఇరుకు సందు కావడంతో ఎదురింటి నీడ కూడా తోడవుతుంది. లోపల, మన మండువా లోగిలిలో లాగానే, గదులన్నీ నడిమి ముంగిలి చుట్టూ అమరి ఉంటాయి.

మ్యూజియంగా అలంకరించిన హవేలీలో పట్వాల జీవితం తెలుస్తుంది గాని, సామాను మధ్య కట్టడం మీద చూపు నిలవదు. ప్రభుత్వ అధీనంలోని హవేలీ బోసిగా ఉన్నందువల్లనే రాళ్లను గాడులు చెక్కి ఒకదానిలో ఒకటి బిగించిన తీరు స్పష్టంగా కనిపించింది. రెండింటికీ టికెట్ తీసుకోవడం వృథా కాదు. గైడును మాట్లాడుకుంటే దుకాణాలకు తీసుకువెళ్లవద్దని ముందే చెప్పడం మంచిది. మాకు దొరికిన గైడు కట్టడం కన్నా శాలువల గురించే ఎక్కువ చెప్పాడు.

నడిచి వెళ్లగల దూరంలోనే దివాను నథ్‌మల్ హవేలీ ఉంది. హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరో సగం చెక్కారని చెబుతారు. రెండు పక్కలూ ఒకేలా తోచినా, నిదానంగా పోల్చితే చెక్కడాలు వేరని తెలుస్తుంది. మరో దివాను సలీంసింగ్ హవేలీకి పై అంతస్తు నెమలి కమానులే ప్రధానం, తక్కువ సమయం చాలు.

బసకు కోట లోపలి గదుల దృశ్యం ఎంత ఆకర్షించినా, నేను బయటే ఉండమంటాను. చేతులతో నీళ్లు మోసుకున్న కాలానికి తగినట్టు కట్టిన ఆ కోట కింది కొండలోకి నేటి కుళాయిల, మురుగు గొట్టాల నీరు ఇంకి పునాదులు బలహీనపడుతున్నాయి. కొన్ని బురుజులు ఇప్పటికే కూలాయి. కోట దిగువన, హవేలీలకు దగ్గరలో, మేడ మీద నుంచి కోట కనిపించే చిన్న వసతులు చాలానే ఉన్నాయి. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లేవారు వాటిని ముందుగానే ఖాయం చేసుకోవాలి.