నమ్మకం లేని నాన్నకు వామపక్ష పుస్తకాలు: ఏది ముందు, ఏది తర్వాత

"రష్యాలో వానొస్తే ఇక్కడ గొడుగు పట్టే బాపతు" అని కమ్యూనిస్టులను ఒక్క మాటతో కొట్టిపారేసే నాన్నలు మన ఇళ్లలో కొల్లలు. వాళ్లకు పుస్తకం ఇవ్వాలనుకునేవాళ్లు చాలామంది కమ్యూనిస్టు మ్యానిఫెస్టోతో మొదలెడతారు. పల్చటి పుస్తకం, ధర తక్కువ, ఒక్క పూటలో అయిపోతుందని. తప్పు అక్కడే జరుగుతుంది. మార్క్స్, ఎంగెల్స్ రాసిన 1848 నాటి ఆ ప్రణాళిక రెండో అధ్యాయం చివర పది డిమాండ్లుంటాయి. మొదటిది భూమి మీద సొంత ఆస్తి రద్దు, మూడోది వారసత్వ హక్కు రద్దు. పిల్లల పేర రెండు ప్లాట్లు కొనిపెట్టిన మనిషి మూడోదాని దగ్గరే పుస్తకం మూసేస్తాడు. ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను, పిల్లలందరికీ ఉచిత చదువు కూడా ఆ జాబితాలోవే. ఈ రెండూ ఈ దేశంలో ఎప్పుడో చట్టాలయ్యాయి. ఉచిత చదువు పదో డిమాండు, అంతదాకా ఆయన ఓపిక పట్టడు. అందుకని మ్యానిఫెస్టోను చివరికి ఉంచుకుని, ఇచ్చే రోజున ఆ పేజీయే తీసి చూపించండి.

మొదట ఇవ్వాల్సింది కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది, అప్పటికి ఆమె వయసు తొంభై దాటింది. బాల వితంతువు, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేసిన నగలు, రహస్య జీవితం. ఆ తర్వాత భర్త కొండపల్లి సీతారామయ్య వదిలేసి వెళ్లడం, ఇద్దరు పిల్లలూ కళ్లముందే లేకుండాపోవడం, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా సొంత కాళ్ల మీద నిలబడడం. ఇంత పోగొట్టుకున్నా ఆశయాన్ని తిట్టిపోయదు, పార్టీ తప్పుల్ని దాచదు. అనుమానంతో చదివే మనిషిని కట్టిపడేసేది ఈ నిజాయితీయే. "వీళ్లు మంచి మాత్రమే చెప్తారు" అన్న అభ్యంతరానికి తావే ఉండదు. వాక్యం కూడా ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది.

లోపమూ ఉంది. పార్టీ మనుషుల పేర్లు పరిచయం లేకుండా వచ్చిపడతాయి. ఎవరు ఎటువైపో తెలియక కొత్తవాళ్లు తికమకపడతారు. చిన్న చీటీ మీద నాలుగు తేదీలు రాసి లోపల పెడితే చాలు: 1948 పార్టీపై నిషేధం, 1964 సీపీఐ, సీపీఎంలుగా చీలిక, 1967 నక్సల్బరీ రైతుల తిరుగుబాటు, 1980 సీతారామయ్య పెట్టిన పీపుల్స్ వార్.

అమ్మ చదువుతానంటే రెండోది 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం 1986లో తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ల నోటనే ఉంటాయి. వరసగా చదవక్కర్లేదు. మల్లు స్వరాజ్యం కథనంతో మొదలుపెట్టి, నచ్చాక వెనక్కి రావచ్చు. అడవిలో తిరుగుతూ పసిబిడ్డను వదులుకోవాల్సివచ్చిన కమలమ్మ కథనం గుండెను పిండేస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వండి. 1951లో పోరాటం ఆగాక పార్టీ ఇక ఇళ్లకు వెళ్లమందన్న బాధ కూడా ఇందులో వినిపిస్తుంది.

లెక్కలు అడిగే నాన్నకు కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఇదే పోరాటం మీద రాసిన పెద్ద గ్రంథం. 1972లో ఇంగ్లిషులో వచ్చింది, తెలుగులోనూ ఉంది. మొత్తం చదవమనకండి. పార్టీ లోపలి తీర్మానాల చర్చ దగ్గర బయటివాళ్లకు ఊపిరాడదు. వెట్టి (కూలి లేని చాకిరీ), దేశ్‌ముఖుల (పెద్ద భూస్వాముల) భూముల అధ్యాయాలకు గుర్తు పెట్టి ఇవ్వండి. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు అని ఉంటుంది అక్కడ. ఎకరం, సెంటు భాష తెలిసిన మనిషికి ఆ అంకెల పక్కన వ్యాఖ్యానం అక్కర్లేదు. తెలంగాణ పల్లె మూలాలున్న ఇంట్లో అయితే తాతల ముచ్చట్లు తన్నుకొస్తాయి.

రంగనాయకమ్మ 'పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం' మార్క్సు 'కాపిటల్'ను పాఠాలుగా విడగొట్టి చెప్తుంది. సరుకు, విలువ, అదనపు విలువ (కూలి పోగా శ్రమలో యజమానికి మిగిలేది) ఇంత తేలిక తెలుగులో మరోచోట దొరకడం కష్టం. ఉద్యోగం చేసి రిటైరైన వాళ్లకు, యూనియన్ సంగతులు తెలిసినవాళ్లకు చప్పున పడుతుంది. రెండు ఇబ్బందులు. 'పిల్లల కోసం' అన్న పేరు చూసి పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, అది మీరే చదువుతున్నట్టు టీపాయ్ మీద వదిలేస్తే నయం. భక్తి ఎక్కువున్న ఇంట్లో 'రామాయణ విషవృక్షం' రచయిత్రి అనగానే గొడవ మొదలవుతుంది, అక్కడ దీని జోలికి పోకపోవడమే మంచిది. భగత్ సింగ్ నాస్తికత్వ వ్యాసానిదీ అదే సంగతి. ఆస్తి గురించిన వాదనా దేవుడి గురించిన వాదనా ఒకేసారి తెస్తే రెండూ పోతాయి.

కొనేటప్పుడు పుస్తకం విప్పి అచ్చు చూడండి. పాత ముద్రణల్లో అక్షరం సన్నం, అరవై దాటిన కళ్లు పది పేజీలకే అలసిపోతాయి. ఆ అలసటను "బోరు పుస్తకం" అంటారు. విజయవాడలో విశాలాంధ్ర, ప్రజాశక్తి దుకాణాల్లో, హైదరాబాద్ కాచిగూడ నవోదయలో చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. ఒకసారికి ఒకటే ఇవ్వండి. ఇచ్చాక "ఎంతదాకా వచ్చింది?" అని వెంటపడొద్దు. ఆయనే ఏదో పేజీ మీద తగువుకు దిగితే మాత్రం పూర్తిగా వినండి. ఆ అభ్యంతరాన్ని బట్టే తర్వాతి పుస్తకం తేలుతుంది: "కష్టపడ్డవాడికి దక్కింది" అంటే సుందరయ్య భూమి లెక్కలు, "యజమాని పెట్టుబడి పెట్టాడుగా" అంటే రంగనాయకమ్మ.