లూగర్ పిస్తోలు మీది పోలీసు ముద్రలు: ఒక గుర్తింపు సేవపై సమీక్ష

పాత సైనిక ఆయుధాల ఫొటోలు చూసి, వాటి మీది ముద్రల అర్థాన్ని లిఖితపూర్వకంగా తెలిపే అమెరికాలోని ఒక చిన్న సంస్థ సేవను ఇటీవల వినియోగించుకున్నాము. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడిగా పనిచేసిన నా భార్య తాతగారు జర్మనీ నుంచి తెచ్చిన లూగర్ పి.08 పిస్తోలు ఆమెకు వారసత్వంగా వచ్చింది. దాని పిడి ముందు భాగాన ఎస్.డి. అన్న అక్షరాలు, వాటి పక్కన కొన్ని అంకెలు ఉన్నాయి.

ఈ రెండు అక్షరాలను నాజీల ఎస్.ఎస్. దళపు నిఘా విభాగానికి అంటగట్టి ఎక్కువ ధర చెప్పే అమ్మకందారులు ఉన్నారు. నివేదిక ఆ వాదనను మొదటి పేజీలోనే నిర్మొహమాటంగా తోసిపుచ్చింది. ఎస్ అంటే జర్మనీలోని ప్రష్యా రాష్ట్రపు యూనిఫారం పోలీసులైన షుట్స్‌పొలిట్సై అనీ, డి అంటే డ్యూసెల్‌డార్ఫ్ నగరం అనీ, చివరి అంకెలు ఆయుధం వరుస సంఖ్య అనీ వివరించింది. ఇదే పద్ధతిలో ఎస్.బి. బెర్లిన్ పోలీసులను సూచిస్తుందనీ, మొదటి అక్షరం కె అయితే నేర పరిశోధక విభాగం, ఎల్ అయితే గ్రామీణ పోలీసు దళమనీ రాశారు. వస్తువు విలువ తగ్గుతుందని తెలిసీ ఉన్నమాట చెప్పినందుకు ఈ సంస్థపై నాకు గౌరవం కలిగింది.

గుండు పేలే గది పైభాగాన 1918తో పాటు 1920 కూడా ఎందుకుందో కూడా వివరించారు: మొదటిది తయారీ సంవత్సరం, రెండోది మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీని పాలించిన వైమార్ ప్రభుత్వం తన ఆస్తి అని వేసిన ముద్ర. అన్నిటికన్నా నాకు నచ్చినది ఎడమవైపు రివెట్‌తో బిగించిన సన్నటి ఉక్కు పట్టీ గురించిన భాగం. లూగర్ పక్క పలకను ఊడదీసిన తరువాత కూడా, గదిలో తూటా ఉంటే, బయటపడిన మీటను నొక్కగానే పేలే ప్రమాదం ఉండేది. దానిని నివారించడానికి 1930ల తొలినాళ్లలో పోలీసు పిస్తోళ్లకు ఈ పట్టీని అమర్చారు. కాబట్టి ముద్ర అరిగిపోయినా, ఈ పట్టీ ఉంటే అది పోలీసుల చేతిలో ఉన్న ఆయుధమని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

లోపం ఒక్కటే. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) అడుగున ఉండే సంఖ్య పిస్తోలు సంఖ్యతో సరిపోలుతుందా లేదా అన్నది సేకరణకర్తలకు ముఖ్యమైన విషయమైనా, ఆ ఫొటోను వారు అడగనేలేదు, నివేదికలోనూ ప్రస్తావించలేదు. ఈ సేవను తీసుకునేవారు ఆ ఫొటోను తామే జతచేసి, దానిపై అభిప్రాయం రాయమని ముందే కోరడం మంచిది.