నియోత్ కెదుమీమ్: బైబిల్ చెట్ల మధ్య ఒక పూట

ఇజ్రాయెల్ వచ్చే మనవాళ్ల యాత్రలో బెత్లెహేము, గలిలయ, యొర్దానులో బాప్తిస్మం తప్పకుండా ఉంటాయి. ఈ తోట మాత్రం ఉండదు. టెల్ అవీవ్, యెరూషలేముల మధ్య, మోదియిన్ దగ్గరే ఉందిది. నేను టెల్ అవీవ్ పక్కనున్న రమత్‌గన్‌లో కేర్‌గివర్‌ని. నేను చూసుకునే సవ్తాతో (హీబ్రూలో అవ్వ) కలిసి వాళ్లబ్బాయి కారులో వెళ్లాను. వీల్‌చైర్ వెళ్లే బాటలున్నాయి కాబట్టి నా భుజాలు బతికిపోయాయి.

మొత్తం 625 ఎకరాలు. ఒకప్పుడు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలిన గుట్టలట. 1960లలో నోగా హరువేని అనే ఆయన పూనుకుని లారీల్లో మట్టి తోలించి, వాననీళ్లు నిలిచేలా చెరువులు తవ్వించి, బైబిల్లో కనిపించే చెట్లు నాటించాడు. 1994లో ఈ పనికి ఆ దేశపు పెద్ద పురస్కారం ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది.

బోర్డుల మీద వచనాలు హీబ్రూలో, ఇంగ్లిషులో ఉంటాయి. ఫోన్లో తెలుగు బైబిలు తెరిచి పెట్టుకోండి. యేసును చూడ్డానికి జక్కయ్య ఎక్కిన రకం మేడిచెట్టు, లెబానోను దేవదారు, హిస్సోపు అన్నీ చూడొచ్చు. హిస్సోపు ఆకు నలిపితే అచ్చం వాము వాసన!

మా ఊరి చర్చి ప్రసంగాల్లో ఆదికాండం అంటే మొదటి అధ్యాయంలోని "లోబరచుకొనుడి" దగ్గరే ఆగిపోయేది. రెండో అధ్యాయంలో దేవుడు నరుణ్ణి తోటలో ఉంచింది "సేద్యపరచుటకును దాని కాచుటకును". కౌలు రైతు కూతుర్ని కదా, మట్టి తోలి నిలబెట్టిన ఆ గుట్టల మీద చదివితే ఆ మాట గట్టిగా తగిలింది. అదే అధ్యాయంలో చెట్లు ముందు "చూపునకు రమ్యమైన"వి, ఆ తర్వాతే "ఆహారమునకు మంచి"వి. ఈ వరస మా నాన్న ఒప్పుకోడు.

సవ్తా యూదుల పాత కథ ఒకటి చెప్పింది. దేవుడు ఆదాముకు ఏదెనులోని చెట్లన్నీ తిప్పి చూపించి, "ఇదంతా నీకోసమే చేశాను, పాడుచేయకు. పాడుచేస్తే నీ తర్వాత బాగుచేసేవాళ్లు ఉండరు" అన్నాడట. తర్వాత ద్వితీయోపదేశకాండం 20 తీయించింది. పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్లు నరకొద్దని అక్కడ ఉంది. యుద్ధాలు చూసిన మనిషి, ఆ వచనం రెండుసార్లు చదివించుకుంది.

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, సొంత కారు లేకపోతే వెళ్లడం కష్టం. శనివారం మనకు సెలవున్నా, యూదుల విశ్రాంతి దినం కాబట్టి బస్సులు దాదాపు తిరగవు. ఎండాకాలం వద్దు, జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే బాదం పూత చూడొచ్చు. యాత్రకు వచ్చేవాళ్లు టూర్ లీడర్‌ను ముందే అడగండి. ఆలివ్ చెక్క బొమ్మల షాపులో పోయే రెండు గంటలు ఇటు మళ్లించినా చాలు.