టోక్యో వెళ్లేవారికి హెచ్చరిక: ఉదయం ఆరున్నరకు లేవలేక 18,000 రూపాయలు పోగొట్టుకున్నాను

అసకుసాలోని హోటల్ గదిలో, మా అమ్మాయి నిద్రపోయిన తరువాత కూర్చుని ఇది రాస్తున్నాను. కోపం చల్లారేదాకా ఆగితే ఎప్పటిలాగే "పోనీలే" అని ఊరుకుంటానని నా మీద నాకే అనుమానం, అందుకే ఈ రాత్రే రాస్తున్నాను. మమ్మల్ని ఇక్కడికి పంపిన ట్రావెల్ ఏజెంటు పేరు రాయడం లేదు. హైదరాబాదు నుంచి జపాన్ వెళ్లాలని నాలుగు చోట్ల విచారించిన ఎవరికైనా అతడు తెలిసే ఉంటాడు. మార్చి దగ్గర పడిందంటే చెర్రీ పూల ఫొటోలతో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ప్రత్యక్షమయ్యే మనిషి అంటే చాలు.

విమానం, వీసా, హోటల్ విషయంలో లోటు చేయలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పెద్ద లోటు జరిగింది ఒక్క చోట. అయితే మేము సింగపూరు, దుబాయి కాదనుకుని టోక్యో ఎంచుకున్నదే ఆ ఒక్క చోటు కోసం.

మా అమ్మాయికి జపాన్‌లోని గిబ్లీ స్టూడియో తీసిన బొమ్మల సినిమాలంటే ప్రాణం. నగరానికి పడమటి వైపు మితకాలో, ఇనోకషిరా పార్కు అంచున, 2001లో తెరిచిన గిబ్లీ మ్యూజియం ఉంది. అందులో పన్నెండేళ్లలోపు పిల్లలు మాత్రమే ఎక్కి ఆడుకునే పిల్లి ఆకారపు బస్సు ఒకటి ఉంది. మేడ మీది తోటలో ఐదు మీటర్ల ఎత్తు రోబో సైనికుడు నిలబడి ఉంటాడు. లోపల ఫొటోలు తీయనివ్వరు కాబట్టి అక్కడ ఏముందో చూడాలంటే వెళ్లి చూడవలసిందే. మా అమ్మాయికి పదకొండు నిండాయి. మళ్లీ మాకు జపాన్ వచ్చే స్తోమత కూడే నాటికి ఆ బస్సు ఎక్కే వయసు దాటిపోతుందని లెక్క వేసుకునే ఈ ఏడాదే బయలుదేరాము.

ఆ మ్యూజియం టికెట్ల పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ప్రతి నెలా పదో తేదీన, జపాన్ సమయం ఉదయం పది గంటలకు, తరువాతి నెల టికెట్లను ఆన్‌లైన్లో అమ్మకానికి పెడతారు. మ్యూజియం దగ్గర అమ్మరు. పెద్దలకు 1,000 యెన్‌లు, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 400 యెన్‌లు. మా ముగ్గురికీ కలిపి 2,400 యెన్‌లు, అంటే మన డబ్బులో పదిహేను వందలు దాటదు. జపాన్‌లో పది గంటలంటే మనకు ఉదయం ఆరున్నర. మా ఆవిడ రెండు నెలల ముందే క్యాలెండరులో పదో తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆ రోజు పెందలాడే లేచి మనమే కొందామని చెప్పింది. పెందలాడే లేవడం నాకు చేతకాదు. "ఇవన్నీ మనకెందుకు, డబ్బిస్తే అతనే చూసుకుంటాడు" అన్నాను. చూసుకున్నాడు. "స్పెషల్ యాక్సెస్" అనే పేరు మీద ముగ్గురికీ 18,000 రూపాయలు తీసుకున్నాడు. ఫోన్ నంబరుకు యూపీఐ చేశాను. బిల్లు అడిగితే, "మన తెలుగువాళ్ల మధ్య బిల్లులెందుకు సార్" అన్నాడు. ఆ మాటకు నేను మురిసిపోయానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

టికెట్లు నిన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫొటోగా వచ్చాయి. దాని మీద మా ముగ్గురిలో ఎవరిదీ కాని పేరు ఉంది. అదేమిటని అడిగితే, "అది జపాన్‌లో మా పార్ట్‌నర్ పేరు సార్, గ్రూప్ బుకింగులో అలాగే వస్తుంది, మీరు నిశ్చింతగా పడుకోండి" అని జవాబిచ్చాడు. నేను నిశ్చింతగా పడుకున్నాను.

ఈ ఉదయం గింజా లైన్‌లో కాందాకు, అక్కడి నుంచి చువో లైన్‌లో మితకాకు వెళ్లి, స్టేషను నుంచి కాలువ గట్టు వెంట పావుగంటకు పైగా చెట్ల నీడలో నడిచాము. మా అమ్మాయి మాకంటే ఇరవై అడుగులు ముందే ఉంది. ఆ దారిలో వెళ్తే ప్రవేశద్వారం కంటే ముందు ఒక టికెట్ కౌంటరు కనిపిస్తుంది. అది నిజమైన కౌంటరు కాదు, సరదాకు కట్టిన ఉత్తుత్తి కౌంటరు. అద్దం వెనక టికెట్లు ఇచ్చేవాడిలాగా గిబ్లీ సినిమాలోని టోటోరో అనే వింత జంతువు పెద్ద బొమ్మ కూర్చుని ఉంటుంది. మా అమ్మాయి ఆ అద్దానికి రెండు చేతులూ ఆనించి నవ్వుతుంటే ఫొటో తీశాను. ఉత్తుత్తి కౌంటరు ముందు ఉత్తుత్తి టికెట్లతో నిలబడి ఉన్నామని అప్పటికి మాకు తెలియదు.

పన్నెండు గంటలకు లోపలికి వెళ్లేవారి వరుసలో మా వంతు వచ్చింది. ద్వారం దగ్గర ఉన్న అమ్మాయి నా ఫోన్ చూసి, పాస్‌పోర్టు అడిగింది. ఇచ్చాను. ఆమె ఫోన్ వైపు ఒకసారి, పాస్‌పోర్టు వైపు ఒకసారి చూసి, ఈ పేరు గల వ్యక్తి మీతో వచ్చారా అని అడిగింది. రాలేదన్నాను. అప్పుడామె ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టింది. టికెట్ మీద పేరున్న మనిషి స్వయంగా వచ్చి గుర్తింపు చూపాలనీ, మారుబేరానికి కొన్న టికెట్లు చెల్లవనీ అందులో ఉంది. ఆ తరువాత ఎన్నిసార్లు తల వంచి క్షమాపణ చెప్పిందో లెక్కపెట్టలేదు. ఆమె తప్పు ఇందులో వెంట్రుకవాసి కూడా లేదు. టికెట్లు బ్లాకులో అమ్ముకోకుండా పెట్టిన ఆ నియమం మంచి నియమమే, దానికి తలవంచేవాడినే. కాకపోతే మా అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని, "నాన్నా, ఆ పేరు మనదేనని చెప్పు" అని తెలుగులో గుసగుసగా అన్నప్పుడు, ఆ నియమం మంచిదని వివరించే ఓపిక నాకు లేకపోయింది.

వరుసలోంచి పక్కకు జరిగి ఏజెంటుకు ఫోన్ చేశాను. మూడు సార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, నేను చెప్పినదంతా విని, అతడన్న మొదటి మాట ఇది: "మీరు పాస్‌పోర్టు ఎందుకు చూపించారు సార్?"

ఆ మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి. పొరపాటు జరిగిందనో, కనుక్కుని చెప్తాననో అనలేదు. పేరు మాది కాదని అతనికి ముందే తెలుసునన్న సంగతి ఆ ఒక్క ప్రశ్నలోనే బయటపడింది. "అడిగితే చూపించక ఏం చేయాలి" అన్నాను. "హోటల్లో మర్చిపోయామని చెప్పాల్సింది సార్, చాలామంది అలాగే లోపలికి వెళ్లిపోతారు, కాస్త తెలివిగా మాట్లాడాలి కదా" అన్నాడు. పదకొండేళ్ల పిల్ల ముందు పరాయి దేశంలో అబద్ధమాడడం చేతకాకపోవడం కూడా నా లోపమే అన్నమాట. డబ్బు మాట ఎత్తితే, వచ్చేసారి ప్యాకేజీలో సర్దుబాటు చేస్తానన్నాడు. వచ్చేసారట! ఫోన్ పెట్టేసే ముందు, ఓదార్పు అనుకున్నాడో ఏమో, "చిన్నపిల్లే కదా సార్, అసకుసాలో ఒక బొమ్మ కొనిపెట్టండి, మర్చిపోతుంది" అన్నాడు.

అక్కడి నుంచి ఇనోకషిరా పార్కు చెరువు దాకా ముగ్గురం మాట్లాడకుండా నడిచాము. ఆ చెరువులో బెంజైతెన్ గుడి ఉంది. బెంజైతెన్ అంటే బౌద్ధంతో పాటు జపాన్ చేరిన మన సరస్వతీ దేవే. జంటగా ఆ చెరువులో పడవ ఎక్కినవాళ్ల మీద ఆమెకు అసూయ కలిగి విడదీస్తుందని అక్కడివాళ్లలో ఒక నమ్మకం ఉంది. మా ఆవిడ ముఖం చూశాక, దేవతకు ఆ శ్రమ కూడా అక్కరలేదేమో అనిపించింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. క్యాలెండరులో చుట్టిన ఆ ఎర్ర సున్నా గురించి ఏమైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. హంస పడవ ఎక్కుదామా అని మా అమ్మాయిని అడిగాను. వద్దని తల ఊపింది.

సాయంత్రం గదికి వచ్చి అతడిచ్చిన ప్యాకేజీ కాగితాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివాను. "అన్ని ప్రవేశ రుసుములతో సహా" అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద ఉన్న పేర్లు చూడండి: సెన్సోజి గుడి, మేజీ మందిరం, షిబుయా క్రాసింగ్, షింజుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి నగర దర్శనం. సెన్సోజికి టికెట్ లేదు, మేజీ మందిరానికి లేదు, 202 మీటర్ల ఎత్తున ఉన్న ఆ 45వ అంతస్తుకూ లేదు. షిబుయా క్రాసింగ్ అయితే నడిరోడ్డు. రోడ్డు దాటించడానికి కూడా మనిషికింత అని వేసుకున్నాడో ఏమో తెలియదు.

ఆ ప్యాకేజీలోనే అంటగట్టిన ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వే) పాస్ గురించి వేరే ఏడవాలి. 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగిన ఆ పాస్ క్యోటో, హిరోషిమా వంటి దూరాలకు బుల్లెట్ రైలులో తిరిగేవారి కోసం. మేము టోక్యో దాటి పోలేదు. నగరంలో రోజూ ఎక్కే మెట్రోలో అది చెల్లదు. అది పనికొచ్చిన కొద్ది ప్రయాణాలలో నేటి మితకా ప్రయాణం ఒకటి. కాందా నుంచి మితకాకు టికెట్ కొనుక్కున్నా ఒక వైపుకు ఐదు వందల యెన్‌లు దాటని ప్రయాణం అది.

ఇక మీరు చేయవలసినది కొంచెమే. గిబ్లీ టికెట్లు పదో తేదీ ఉదయం ఆరున్నరకు మ్యూజియం వెబ్‌సైటులో చెప్పిన చోటనే, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో, ప్రయాణంలో ఉండే మనిషి పేరు మీదనే కొనండి. ఏజెంటుకు డబ్బు కట్టేటట్లయితే బిల్లు లేకుండా కట్టకండి. నా దగ్గర ఉన్నవి యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణ మాత్రమే. తిరిగి రాగానే వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను.

వచ్చే వారం అతని దగ్గరే మరో రెండు కుటుంబాలు బయలుదేరుతున్నాయని విన్నాను. వారిలో ఎవరైనా ఇది చదువుతుంటే, టికెట్లు ముందురోజు రాత్రి దాకా రావన్న మాట నమ్మకుండా ఇప్పుడే తెప్పించుకుని, పేరు చూడండి. అది మీ పేరు కాకపోతే, పిల్లలకు మితకా సంగతి చెప్పకండి.