1850 నుంచి సముద్ర హిమం రికార్డులు: చలికాలం గురించి తెలుసుకోవడానికి ఎంతవరకు పనికొస్తాయి?

కోనసీమలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున కాలువ గట్ల మీద పరుచుకుని, పొద్దెక్కేదాకా ఎదురుగా వచ్చే మనిషిని కూడా కనపడనీయని తెర; లేదా కొబ్బరి మట్టల కొసల నుంచి పెంకుటింటి మీదికి రాలే చుక్క. పొగమంచుకూ, ఆకుల మీది బిందువుకూ, గడ్డకట్టిన సముద్రానికీ మన వాడుకలో ఒకటే మాట ఉంది కాబట్టి, గందరగోళం లేకుండా ఈ సమీక్షలో గడ్డకట్టిన సముద్రపు నీటిని సముద్ర హిమం అంటాను.

ఈ వెతుకులాట ఒక దాళ్వా నారుమడి గట్టు మీద మొదలైంది. చలికి నారు పసుపు రంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోవడంతో, రాత్రికి నీరు నిలగట్టి, తెల్లవారగానే ఆ చల్లటి నీటిని తీసేసి కొత్త నీరు పెడుతూ, యూరియా సంచులతో కుట్టిన పట్టాలు కప్పుతూ తంటాలు పడుతున్న మా పొరుగు రైతు, "మాస్టారూ, ఉత్తర ధ్రువంలో మంచు కరిగిపోవడం వల్లే ఈ చలి అని టీవీలో చెప్పారండి. కరిగితే వేడెక్కాలి గానీ చలెందుకొస్తుందండీ?" అని అడిగారు. ఏళ్ల తరబడి పిల్లలకు భూగోళశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. అయినా నమ్మకంగా చెప్పగలిగిన సమాధానం నా దగ్గర లేకపోయింది. సమాధానం కావాలంటే ముందు వెనకటి చలికాలాల్లో ఆ సముద్రం ఎంత మేర గడ్డకట్టిందో తెలియాలి. ఆ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న రెండు విషయాల మీదే ఈ సమీక్ష.

అమెరికాలోని బౌల్డర్ నగరంలో, కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ ఈ లెక్కలకు పెద్ద భాండాగారం. అక్కడ నేను ప్రధానంగా రెండు సరుకులు వాడాను, రెండూ ఉచితమే. మొదటిది సీ ఐస్ ఇండెక్స్. ఇది పూర్తిగా ఉపగ్రహాల కాలానిది. 1978 అక్టోబర్ చివరి వారం నుంచి మొదలవుతుంది. సముద్రం నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్ కిరణాలను గ్రహించి పనిచేసే పరికరాలు కాబట్టి, ఆరు నెలల ధ్రువ రాత్రి గాని మబ్బులు గాని వీటికి పెద్ద అడ్డు కావు. సముద్రాన్ని దాదాపు 25 కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక గడిలో కనీసం 15 శాతం హిమం ఉంటే ఆ గడి మొత్తాన్ని హిమం పరచుకున్న ప్రాంతంగా లెక్కిస్తారు. రెండో సరుకు దీనికన్నా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది: జాన్ వాల్ష్, ఫ్లోరెన్స్ ఫెటరర్, వారి సహచరులు కలిసి తయారుచేసిన, 1850 నుంచి 2017 వరకు నెలకొక పటం చొప్పున ఇచ్చిన సంపుటి. మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజుల నుంచి, నెల నెలా ఆర్కిటిక్ ఎలా ఉండేదో చూపే పటాలు అన్నమాట.

తిమింగలాల వేట ఓడల లాగ్ పుస్తకాలు (ఓడవాళ్లు ప్రయాణ విశేషాలు రోజూ రాసుకునే దినచర్యలు), నార్వే వైపు సేకరించిన పాత చార్టులు, డెన్మార్క్ వాతావరణ సంస్థ ఏటా ప్రచురించిన పటాలు, రష్యా ఆర్కిటిక్ పరిశోధన సంస్థ చార్టులు, చివరి నాలుగు దశాబ్దాలకు ఉపగ్రహాలు: ఇన్ని రకాల సాక్ష్యాలను ఒకే తరహా గళ్లలోకి తెచ్చి అమర్చిన ఓపికకు ముందుగా నమస్కారం పెట్టాలి. అయితే ఈ సంపుటికి అసలు విలువ తెచ్చింది హిమం అంకెలు కాదు, వాటి పక్కనే ఉన్న రెండో పొర. ప్రతి నెలలో ప్రతి గడికీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో సూచించే ఒక సంకేత సంఖ్య అందులో ఉంటుంది. ఓడవాళ్లు కళ్లారా చూసి రాసినదా, చార్టు నుంచి తీసినదా, ఉపగ్రహం కొలిచినదా, లేక ఆధారమేదీ లేనప్పుడు ఇతర నెలల, ఇతర సంవత్సరాల పోలికతో అంచనా కట్టి పూరించినదా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. వరదల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు అనగానే మొదటి ప్రమాద హెచ్చరిక అని లంక గ్రామాలవారు సామాను సర్దుకుంటారు; ఎవరో అక్కడ నిలబడి కొలబద్ద చూసి చెప్పిన అంకె అది అన్న నమ్మకంతోనే. అదే అంకె, "గత పదేళ్ల సగటు" అని తెలిస్తే ఎవరు కదులుతారు?

రంగుల పటం ఎంత నిండుగా, ఎంత నమ్మదగినదిగా కనిపిస్తుందంటే, మొదటి పది రోజులు నేను ఈ రెండో పొరను తెరిచి కూడా చూడలేదు. 1880 జనవరి పటాన్ని మా పొరుగు రైతుకు చూపించినప్పుడు, ఆయన కాసేపు చూసి, "ఇందులో మనుషులు చూసిందెంతండీ, లెక్కేసుకున్నదెంతండీ?" అన్నారు. ఆ రాత్రే ఆధారాల పొర తెరిచాను.

చలికాలం గురించి తెలుసుకోవాలనుకునేవారికి చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. సముద్ర హిమం పాత చరిత్ర చాలావరకు వేసవి చరిత్ర. వేట ఓడలు బేరింగ్ జలసంధి దాటి ఉత్తరానికి వెళ్లేది ఎండాకాలంలో. గడ్డకట్టడం మొదలవకముందే వెనుదిరగాలి. తిరగడం ఆలస్యమైతే ఏమవుతుందో 1871 సెప్టెంబర్‌లో అలాస్కా తీరంలో 33 ఓడలను హిమానికి వదిలేసి బయటపడవలసివచ్చిన వేటగాళ్లకు తెలిసింది. డెన్మార్క్ పటాలు కూడా ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకే. నడి ఆర్కిటిక్‌లో పాత చలికాలాలను కళ్లారా చూసి రాసినవారు ఎవరంటే, చిక్కుకుపోయినవారు, కావాలని చిక్కుకున్నవారు: 1879 సెప్టెంబర్‌లో హిమంలో ఇరుక్కుని 1881 జూన్‌లో నలిగి మునిగిపోయిన జెన్నెట్ ఓడవారు, 1893 నుంచి 1896 వరకు తన ఫ్రామ్ ఓడను పనిగట్టుకుని హిమంతో పాటు కొట్టుకుపోనిచ్చిన నార్వే అన్వేషకుడు నాన్సెన్. ఇలాంటి పాత లాగ్ పుస్తకాల్లోని వాతావరణ వివరాలను ఓల్డ్ వెదర్ అనే కార్యక్రమంలో 2010 నుంచి ఎందరో సామాన్య పాఠకులు ఇళ్లలో కూర్చుని చూసి రాసిపెట్టారు; తీరిక ఉన్న విశ్రాంత ఉద్యోగులకు ఇంతకంటే మంచి వ్యాపకం ఉండదని నా అభిప్రాయం.

మరి జనవరి, ఫిబ్రవరి పటాల్లో చాలా భాగం పూరించినదే అయినప్పుడు వాటిని పక్కన పడేయాలా? అక్కర్లేదని క్రమంగా అర్థమైంది. చలికాలంలో నడి ఆర్కిటిక్ తీరం నుంచి తీరం దాకా గడ్డకట్టే ఉంటుంది. అక్కడ నూటికి నూరు అని ఊహించి నింపినా పెద్ద పొరపాటు రాదు. ఏటికేడూ తేడా కనపడేది అంచుల్లో: బారెంట్స్ సముద్రం, గ్రీన్‌లాండ్ తూర్పు తీరం, కెనడా తూర్పున లాబ్రడార్ తీరం, బేరింగ్, ఒఖోట్స్క్ సముద్రాలు. అంచుల దగ్గర అంచనా కట్టిన గళ్లను తీసేసి, ఆధారం ఉన్నవాటినే పెట్టుకుంటే సంపుటి బాగా చిక్కిపోతుంది, కానీ మిగిలింది నిజాయితీగా ఉంటుంది. ఫైలు తెరవడానికి నాసా వారి పానొప్లీ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. పటాలను కాగితం మీద చూసుకుందామని ఊళ్లోని ఒక నెట్ సెంటర్లో ఇస్తే, రంగుల్లో తీయమన్నవాటిని నలుపు తెలుపుల్లో తీశారు. విశాల సముద్రమూ నిండు హిమమూ ఒకే బూడిద రంగులో పడ్డాయి. డబ్బులు మాత్రం రంగుల లెక్కనే తీసుకున్నారు.

ఉపగ్రహ కాలం లెక్కల్లోనూ చలికాలానికి ఒక గండి ఉంది. పాత పరికరం రోజు విడిచి రోజు మాత్రమే కొలిచేది. 1987లో కొత్త పరికరం వచ్చాక రోజువారీ లెక్కలు మొదలయ్యాయి. కానీ 1987 డిసెంబర్ మొదట్లో ఆగిన కొలతలు 1988 జనవరి రెండో వారం దాకా లేవు. అందువల్ల ఆ రెండు నెలల సగటుల స్థానంలో ఇండెక్స్ పట్టికలో మైనస్ 9999 అని ఉంటుంది. లేదు అని చెప్పడానికి పెట్టిన గుర్తు అది. నేను దాన్ని గమనించకుండా ఎక్సెల్‌లో గ్రాఫు గీస్తే, 1988 జనవరిలో ఆర్కిటిక్ మహాసముద్రం పాతాళానికి పడిపోయింది. తప్పు పూర్తిగా నాదే. వివరణ పత్రంలో విషయం స్పష్టంగా ఉంది. వివరణ పత్రాలను చివర చదివే అలవాటు ఉన్నవారికి ఇదొక హెచ్చరిక.

శుద్ధమైన చలికాలపు సాక్ష్యం కావాలనుకునేవారికి నేను ఈ భాండాగారంతో పాటు ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రపు లెక్కల వరుసను కూడా సిఫారసు చేస్తాను. 1719–20 చలికాలం నుంచి ఆ సముద్రం ఏ ఏడాది గరిష్ఠంగా ఎంత మేర గడ్డకట్టిందో లెక్క ఉంది, ఆధునిక కాలంలో ఫిన్లాండ్ వాతావరణ సంస్థ దాన్ని కొనసాగిస్తోంది. రేవులు మూసుకుపోతే వ్యాపారం ఆగుతుంది కనుక, అక్కడ చలికాలాన్ని పట్టించుకోక తప్పలేదు. మొత్తం గడ్డకడితే సుమారు 4,20,000 చదరపు కిలోమీటర్లు ఉండే ఆ సముద్రం 1986–87లో దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. 2019–20లో 37,000 చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది.

బాల్టిక్ వరుసను లాబ్రడార్ అంచుతో పక్కపక్కన పెట్టి చూడటంలో అసలు రుచి ఉంది. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికీ అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనానికీ మధ్య తేడా పెరిగిన చలికాలంలో పడమటి గాలులు సముద్రపు వెచ్చదనాన్ని ఉత్తర ఐరోపాకు మోసుకొస్తాయి, బాల్టిక్‌లో హిమం తగ్గుతుంది. అదే సమయంలో లాబ్రడార్ వైపు ఉత్తరపు చలిగాలి వీచి అక్కడ హిమం పెరుగుతుంది. తేడా తగ్గితే తక్కెడ రెండో వైపు ఒరుగుతుంది. డెన్మార్క్‌లో చలి ముదిరిన ఏడాది గ్రీన్‌లాండ్‌లో చలి తక్కువగా ఉంటుందని 1770లలోనే హాన్స్ ఎగిడె సాబీ అనే మతబోధకుడు దినచర్యలో రాసుకున్నాడు. దీనికి ఉత్తర అట్లాంటిక్ డోలనం అని పేరు పెట్టిన గిల్బర్ట్ వాకర్ 1904 నుంచి 1924 వరకు మన దేశంలోనే వాతావరణ శాఖకు అధిపతి; మన రుతుపవనాలను ముందే పసిగట్టాలని ప్రపంచమంతటి లెక్కలూ తిరగేస్తూ ఆయన ఈ డోలనం దాకా వచ్చాడు.

ఇక టీవీలో చెప్పిన మాట. బారెంట్స్, కారా సముద్రాల్లో హిమం తగ్గిన చలికాలాల్లో సైబీరియా అధిక పీడనం బలపడి తూర్పు ఆసియాలో చలి పెరుగుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఒకే రకం గాలులు ఆ సముద్రాల్లో హిమాన్ని తగ్గిస్తూ తూర్పు ఆసియాకు చలిని తెస్తున్నాయే తప్ప ఒకటి రెండోదానికి కారణం కాదని మరికొందరు అంటారు. ఉపగ్రహాల వయసు ఐదు దశాబ్దాలైనా నిండలేదు కనుక వాదం తేలడం కష్టం; 1850 సంపుటి అక్కరకు వచ్చేది ఇక్కడే, కానీ సరిగ్గా ఆ సముద్రాల్లోనే పాత చలికాలపు గళ్లు పలచన. మన డెల్టా వరకు వస్తే, సైబీరియా గాలికి నేరుగా దారి లేకుండా హిమాలయాలు అడ్డుగోడలా ఉన్నాయి. పడమటి అవాంతరాలు (చలికాలంలో పడమర నుంచి వచ్చి ఉత్తరాదికి వానలు తెచ్చే వాతావరణ వ్యవస్థలు) ఉత్తరాదిని దాటిపోయాక దిగివచ్చే పొడి ఉత్తర గాలీ, మబ్బు లేని రాత్రి నేల వేడిని ఆకాశానికి వదిలేయడమూ మన నారుమడికి దగ్గరి శత్రువులు.

కొత్తగా దిగేవారికి ఇంకొక్క విషయం. 2025లో అమెరికా రక్షణ శాఖ ఉపగ్రహాల లెక్కల స్థానంలో జపాన్ ఉపగ్రహం మీది ఏఎంఎస్ఆర్-2 పరికరం లెక్కలకు ఇండెక్స్‌ను మార్చారు; పాతవీ కొత్తవీ కలిపి గ్రాఫు గీసేవారు అతుకు ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోవాలి. ఆ ఏడాది మార్చి 22న నమోదైన చలికాలపు గరిష్ఠ విస్తీర్ణం 1.433 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టాక అప్పటికి అదే అత్యల్పం.

ఇంత వెతికి, రంగుల్లో మళ్లీ తీయించిన పటాలు రెండు పట్టుకుని గట్టు మీదికి వెళ్లి, ఇదీ సంగతి, మన చలికీ ఆ హిమానికీ సంబంధం ఇంకా తేలలేదు అని పొరుగు రైతుకు చెప్పాను. ఆయన పటాలు రెండూ శ్రద్ధగా చూసి, మడిచి నా చేతికిచ్చి, "అయితే ఈ రాత్రికి పట్టా కప్పమంటారాండీ?" అన్నారు. కప్పమన్నాను.